చిలుకలో ప్రాణం పెట్టే ముందు: జానపద ఫాంటసీ సినిమా స్క్రిప్టు రాయడం ఎలా?

ఫాంటసీ సినిమా రాస్తున్నామని చెప్పే కుర్రాళ్లని కథ ఏంటని అడిగితే చాలామంది గ్రాఫిక్స్‌తో మొదలుపెడతారు. గాల్లో తేలే కోట, మూడు తలల పాము, మేఘాల మీద యుద్ధం. ఆ పాము ఎవరి మాట వింటుంది, ఎందుకు వింటుంది, ఎప్పుడు వినడం మానేస్తుంది అని అడిగితే మాత్రం "అది ఇంకా అనుకోలేదు సార్" అంటారు. ముందు అనుకోవాల్సింది అదే. మన పాత కథల్లో మాయ ఊరికే రాదు, ఒక షరతుతో వస్తుంది. నాలుగో గది తలుపు తీయకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, తెల్లారేలోపు తిరిగి రావాలి. ప్రేక్షకుడు భయపడేది రాక్షసుణ్ని చూసి కాదు, ఆ షరతు తప్పుతుందేమోనని.

ఈ పద్ధతి ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కీ, రెండున్నర గంటల సినిమాకీ ఒకేలా పనిచేస్తుంది. ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా బాలనాగమ్మ కథనే తీసుకుంటాను. బుర్రకథగా ఊరూరా తిరిగిన కథ ఇది. 1942లో జెమినీ వాళ్లు సి. పుల్లయ్య దర్శకత్వంలో, కాంచనమాలతో సినిమాగా తీశారు.

1. కథ ఎంచుకోండి, హక్కులు చూసుకోండి

కొత్తగా కల్పించేకంటే పాత కథ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. వందల ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన కథలో పనికిరాని భాగం ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. వెతకడానికి మనకు చోట్లు తక్కువేం కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలే పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు కాశీకి పోతూ ప్రతి మజిలీలోనూ గోపకుడికి ఒక కథ చెబుతాడు. విక్రమార్కుడు, భేతాళుడు ఉండనే ఉన్నారు. పడమటి కథలు కావాలంటే ఫ్రెంచి రచయిత పెరో సంకలనం 1697లో వచ్చింది, జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరుల మొదటి సంపుటం 1812లో.

"అసలు కథ మార్చొచ్చా?" అనే టెన్షన్ అక్కర్లేదు. గ్రిమ్ వాళ్ల తొలి ముద్రణలో స్నో వైట్‌ని చంపించాలని చూసింది కన్నతల్లే. 1819 ముద్రణలో వాళ్లే ఆవిణ్ని సవతి తల్లిగా మార్చేశారు.

హక్కుల సంగతి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లు దాటితే ఆ రచన అందరిదీ. పుస్తకం అందరిదైనా, దాని మీద ఎవరో తీసిన సినిమాలో కొత్తగా చేర్చినవి మాత్రం వాళ్లవే. విజార్డ్ ఆఫ్ ఆజ్ సంగతే చూడండి. 1900 నాటి నవలలో కథానాయిక డోరతీ వేసుకునేవి వెండి చెప్పులు. కెంపు చెప్పులు 1939 సినిమా వాళ్లు పెట్టినవి. నవల వాడుకోవచ్చు కదా అని కెంపు చెప్పులు వాడితే ఇబ్బందే. అందుకని సినిమా చూసి రాయకండి. పుస్తకం చదివి, లేదా కథ చెప్పేవాళ్ల దగ్గర విని రాయండి.

2. కథను ఆరు వాక్యాల్లోకి దించండి

అలంకారాలు, వర్ణనలు అన్నీ తీసేసి ఎవరు, ఏం చేశారు, దాంతో ఏమైంది అన్నది మాత్రం రాయండి. బాలనాగమ్మ కథకు పాఠాంతరాలు చాలా ఉన్నాయి. నేను తీసుకునే రూపం ఇది:

భర్త లేని సమయం చూసి మాయల ఫకీరు బాలనాగమ్మ ఇంటికి వచ్చి, ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్లిన భర్త కార్యవర్ధిరాజు రాయి అయిపోతాడు. నోము పట్టాననీ, అది ముగిసేదాకా తాకకూడదనీ చెప్పి ఆమె ఫకీరును దూరంగా ఉంచుతుంది. ఊళ్లో పెరిగిన కొడుకు బాలవర్ధిరాజు ఏళ్ల తర్వాత నిజం తెలుసుకుని బయలుదేరతాడు. ఫకీరు ప్రాణం ఎక్కడుందో తల్లి మాటల్లో పెట్టి రాబడుతుంది. కొడుకు సముద్రాలు దాటి చిలుకను పట్టి ఫకీరును చంపుతాడు.

ఈ కథకు ప్రపంచమంతటా చుట్టాలున్నారు. జానపద కథల అంతర్జాతీయ సూచిలో 302వ రకం ఇదే. రష్యా కథలో కొశ్చెయ్ అనేవాడి చావు సూది మొనలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు ఓక్ చెట్టు కింద పెట్టెలో. నార్వేలో గుండె లేని రాక్షసుడి కథ కూడా ఇలాంటిదే. రాసే ముందు మీ కథకున్న చుట్టాలను ఒకసారి పలకరించండి. మీరు తెగ్గొట్టలేక కొట్టుకుంటున్న ముడిని వాళ్లలో ఎవరో ఎప్పుడో విప్పేసి ఉంటారు.

3. షరతు రాయండి

అన్ని అడుగుల్లోకీ ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వాలి. ఒక కాగితం తీసుకుని మాయ గురించి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ మాయ ఏం చేయగలదు? ఏం చేయలేదు? వాడినప్పుడల్లా ఎవరికి ఏం నష్టం? ఎలా విరుగుతుంది?

మూడో ప్రశ్న దగ్గరే చాలా స్క్రిప్టులు కూలిపోతాయి. నష్టం లేని మాయ ఉన్న విలన్ ఎప్పుడైనా ఏమైనా చేయగలడు. అలాంటప్పుడు హీరోను మొదటి రీల్లోనే కప్పగా ఎందుకు మార్చలేదని ప్రేక్షకుడు అడుగుతాడు. మీ దగ్గర జవాబు ఉండదు.

మన కథకు నేను పెట్టే షరతు చూడండి. ఫకీరు ఒకరి రూపం మార్చిన ప్రతిసారీ ఎక్కడో ఉన్న చిలుకకు ఒక ఈక రాలుతుంది. ఈకలన్నీ రాలిన రోజు చిలుక బతకదు, చిలుక పోతే ఫకీరు పోతాడు. ఇది బుర్రకథలో లేదు, నేను చేర్చింది. దీంతో ఒకేసారి మూడు పనులు జరుగుతాయి. ఫకీరు మాయను పొదుపుగా ఎందుకు వాడతాడో తెలుస్తుంది. బాలనాగమ్మ మీద బలప్రయోగం చేయకుండా నోము ముగిసేదాకా ఎందుకు ఆగాడో కొంత అర్థమవుతుంది, ఆయన బతుకంతా లెక్కపెట్టుకోవడమే కాబట్టి. ఇక ప్రేక్షకుడి కళ్లకు ఒక గడియారం దొరుకుతుంది. ఈక రాలిన షాట్ పడగానే, ఎక్కడో ఎవరో రాయి అయ్యారని మాట లేకుండానే తెలిసిపోతుంది.

నాలుగో ప్రశ్నకు జవాబు ఇంకాస్త బిగించాలి. మార్చిన రూపాలను మళ్లీ మామూలుగా చేసే మాట ఫకీరు నోటి నుంచే రావాలి, ఆ మాట చెప్పకుండా వాడు చస్తే రాయి అయినవాళ్లు ఎప్పటికీ రాళ్లే. ఇప్పుడు క్లైమాక్స్ చూడండి. చిలుక బాలవర్ధి చేతిలో ఉంది, మెడ నులిమితే కథ అయిపోతుంది. నులిమితే తండ్రి రాయిగానే మిగిలిపోతాడు. పాత కథలో చిలుక దొరకడంతో ఆగిపోయే ఉత్కంఠ ఇక్కడ చిలుక దొరికాక మొదలవుతుంది.

షరతుకు మన సాహిత్యంలో అన్నిటికంటే గట్టి నమూనా భేతాళుడిదే. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు కదిలినా నష్టమే. మీ షరతు రాశాక దీని పక్కన పెట్టి చూసుకోండి. హీరోకు తేలిగ్గా తప్పుకునే దారి ఇంకా ఒకటి మిగిలి ఉంటే దాన్ని మూసేయండి.

ఒక హద్దు కూడా ఉంది. షరతులు రెండు దాటకూడదు. మూడోది వచ్చిందంటే దాన్ని వివరించడానికి ఒక ముసలి రుషి పాత్ర కావాలి. ఆయన వచ్చి కూర్చుని పది నిమిషాలు మాట్లాడతాడు, థియేటర్లో సగం మంది పాప్‌కార్న్‌కి వెళ్తారు.

4. విలన్‌కి హీరో అవసరం ఉండేలా చూడండి

1951లో వచ్చిన పాతాళభైరవిని ఈ ఒక్క కోణంలో మళ్లీ చూడండి. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. తోటరాముడికి రాజకుమారి కావాలి, అందుకు రాజుగారితో సమానంగా సంపద కావాలి. నేపాళ మాంత్రికుడికి దేవికి బలివ్వడానికి ఒక సాహసవంతుడైన యువకుడు కావాలి. ఇద్దరూ ఒకరికొకరు కావాలి కాబట్టి ఇద్దరూ ఒకే దారిన నడుస్తారు. ఆ నడకలోనే అడ్వెంచర్ అంతా ఉంది. విలన్ కోటలో కూర్చుని నవ్వుతూ ఉంటే, హీరో వాడి దగ్గరికి చేరేదాకా సినిమాలో ఏమీ జరగదు.

మన కథలో ఈ లోటు ఉంది. ఫకీరుకు బాలవర్ధితో పనేమీ లేదు. అందుకని ఒకటి అల్లాను. నోము ముగిశాక దాన్ని తీర్చడానికి కన్నకొడుకు చేతి నీళ్లు కావాలని బాలనాగమ్మ ఫకీరును నమ్మిస్తుంది. ఇప్పుడు పిల్లవాణ్ని వెతికించేది ఫకీరే. తల్లి ఆడిన అబద్ధమే కొడుకును ప్రమాదంలోకి లాగుతుంది, అదే వాణ్ని తన దగ్గరికీ చేరుస్తుంది. బాలనాగమ్మ ఏడుస్తూ కూర్చునే పాత్ర కాకూడదని మనం ఆధునికంగా ఆలోచించి మార్చక్కర్లేదు. పాత కథలోనే రహస్యం రాబట్టింది ఆమె. ఆ తెలివికి ఇంకొన్ని సీన్లు ఇస్తే చాలు.

బాలవర్ధికి ఏం కావాలన్నది ఒక్క మాటలో చెప్పగలగాలి. అమ్మ మొహం వాడికి తెలియదు. "లోకాన్ని కాపాడాలి" లాంటి కోరికలు పోస్టర్ మీదికి బాగుంటాయి. సీన్ నడిపేది మాత్రం అమ్మ మొహం ఎలా ఉంటుందో చూడాలన్న కోరికే.

5. దారిలో మజిలీలు

వ్లదీమిర్ ప్రోప్ అనే రష్యన్ పండితుడు 1928లో వంద కథలు విడదీసి చూసి, వాటిలో వచ్చే పనులు 31 మాత్రమేనని తేల్చాడు. వాటిలో మొదట్లోనే వచ్చేవి నిషేధం, నిషేధాన్ని దాటడం. ఆ జాబితా పక్కన పెట్టుకోవచ్చు కానీ, 31 గళ్లూ నింపాలని కూర్చుంటే స్క్రిప్టు ప్రభుత్వ దరఖాస్తులా తయారవుతుంది.

మన కథల్లో దారి పద్ధతి తేలికైనది. హీరో ఊరు దాటతాడు, పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగుతాడు, ఆ ఊరి గుట్టు ఆవిడ చెబుతుంది. అక్కడి నుంచి మూడు పరీక్షలు. ప్రతి మజిలీలో హీరోకు ఒకటి దొరకాలి, ఒకటి పోవాలి. దొరికేవి మాత్రమే రాస్తే అది వీడియో గేమ్. బాలవర్ధికి సముద్రం దాటించే పడవ దొరికిన చోట గుర్రం పోవాలి. పెద్దమ్మ సలహా దొరికిన రాత్రే తను రాజు కొడుకునన్న ఉంగరం పోవాలి. చిలుక దగ్గరికి చేరేసరికి వాడి చేతిలో ఏమీ ఉండకూడదు.

ఇంటర్వెల్ ఎక్కడ? నా లెక్కలో, కొడుకు మొదటిసారి ఫకీరు కోటలో అడుగుపెట్టి, ఎదురుగా ఉన్నది తన తల్లి అని తెలియకుండా ఆమె చేత్తో అన్నం తిన్నప్పుడు. ఆమెకు తెలుసు, ఫకీరు చూస్తున్నాడు, నోరు విప్పకూడదు. యుద్ధం అక్కర్లేదు.

6. ట్రీట్‌మెంట్, వన్‌లైన్ ఆర్డర్

ఇక్కడికి వచ్చాక పని తొందరగా సాగుతుంది. పది పన్నెండు పేజీల్లో డైలాగులు లేకుండా కథంతా వర్తమానంలో రాయండి, అది ట్రీట్‌మెంట్. తర్వాత సీన్‌కి ఒక వాక్యం చొప్పున వన్‌లైన్ ఆర్డర్ వేయండి. ప్రతి వాక్యం పక్కన పగలా రాత్రా, లోపలా బయటా, సీజీ (కంప్యూటర్ గ్రాఫిక్స్) ఉందా లేదా అని గుర్తు పెట్టండి. మామూలు ఫార్మాట్‌లో పేజీకి సుమారు ఒక నిమిషం. మాయ జరిగే సీన్లు కాగితం మీద మూడు లైన్లే ఉండి తెర మీద రెండు నిమిషాలు తింటాయి, లెక్కలో అది కలుపుకోండి.

7. డైలాగులు

"ఓరీ దుష్టుడా, నీకు మరణం ఆసన్నమైనది" అనే భాష ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది. అలాగని రాజకుమారుడి చేత "బ్రో" అనిపిస్తే లోకమే చెదిరిపోతుంది. మధ్యదారి ఏంటంటే ఇంగ్లిష్ మాట రాకూడదు, సంస్కృత సమాసం కూడా రాకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే తెలుగు చాలు. వరసలు వాడండి. జానపద కథలో వరస పెట్టి పిలవడం కూడా ఒక ఆయుధమే. రహస్యం రాబట్టే సీన్ ఇలా రాయొచ్చు:

బాలనాగమ్మ: నీకెప్పుడూ జ్వరం రాదా అన్నా?
ఫకీరు: అన్నా అనొద్దని చెప్పానా!
బాలనాగమ్మ: సరే, అనను. జ్వరం రాదా?
ఫకీరు: ఈ ఒంట్లో ఏముంది రావడానికి?
(ఆమె దీపం వత్తి ఎగదోస్తూ ఆగుతుంది.)
బాలనాగమ్మ: మరి ఎక్కడికొస్తుంది?

"నీ ప్రాణం ఎక్కడుంది?" అని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. రహస్యం అడిగితే రాదు, గొప్పలు చెప్పుకునే అవకాశం ఇస్తే వస్తుంది.

పాటల విషయంలో ఒకే ఒక్క సలహా. కనీసం ఒక పాట కథలో పని చేయాలి. తల్లి పాడిన జోలపాట తర్వాత గుర్తుపట్టే ఆనవాలు అవుతుందనుకోండి, ఆ పాటను ఎడిటింగ్‌లో ఎవరూ ఎత్తేయలేరు.

8. డబ్బు లేకుండా మాయ

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. రాసేటప్పుడే ట్రిక్ తెలిస్తే సీన్ వేరేగా వస్తుంది.

మనిషి మాయమవడం, కుక్క కావడం లాంటివాటికి అన్నిటికంటే పాత ట్రిక్ ఇప్పటికీ పనిచేస్తుంది. 1896లో జార్జ్ మెలియెస్ అనే ఫ్రెంచి దర్శకుడు పారిస్ వీధిలో తీస్తుంటే కెమెరా కాసేపు ఆగిపోయిందట. మళ్లీ తిరిగాక చూసుకుంటే తెర మీద బస్సు కాస్తా శవవాహనం అయిపోయింది. ఇది ఆయనే చెప్పుకున్న సంగతి. మీరు చేయాల్సింది కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా బిగించడం, ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయడం, నటి పక్కకు తప్పుకున్నాక అదే చోట కుక్కను నిలబెట్టడం. వెలుతురు మారితే ట్రిక్ దొరికిపోతుంది, అందుకని మబ్బులు పరుగెత్తే రోజు ఔట్‌డోర్లో చేయకండి. కట్ దగ్గర సాంబ్రాణి పొగ వేస్తే చిన్న తేడాలు కనపడవు.

ఫకీరు కోటకు మినియేచర్ చేయించండి. చిన్న బొమ్మ పెద్దగా కనపడాలంటే దాన్ని స్లో మోషన్‌లో తీయాలి. బొమ్మ అసలు సైజులో ఎన్నో వంతో చూసి, ఆ అంకె వర్గమూలంతో సినిమా మామూలు వేగమైన సెకనుకు 24 ఫ్రేములను గుణించాలి. 25వ వంతు బొమ్మ అయితే 24 × 5 = 120. చాలా ఫోన్లలో 120 ఫ్రేముల స్లో మోషన్ ఉంది, కాబట్టి 25వ వంతు బొమ్మ మన బడ్జెట్‌కి సరిగ్గా సరిపోతుంది. కూలే గోడ, ఎగిసే దుమ్ము ఇలా తీస్తే బరువుగా కనపడతాయి. నీళ్లు మాత్రం చిన్న బొమ్మతో నమ్మించవు. నీటి చుక్క సైజు తగ్గదు కదా. సముద్రం షాట్లు నిజం సముద్రం దగ్గరే తీయండి.

పాత కథ చెప్పే ఫ్లాష్‌బ్యాక్‌కి సీజీ వద్దు. చేర్యాల నకాషీ పటం మీద కెమెరా నడిపించొచ్చు. అసలు ఆ పటాలు పుట్టిందే కథ చెప్పేవాళ్ల కోసం. లేదంటే నిమ్మలకుంట తోలుబొమ్మలతో తెర వెనక దీపం పెట్టి తీయించండి. ఆ కళాకారులకు సరైన డబ్బిచ్చి, టైటిల్స్‌లో పేరు వేయండి.

ఇక చిలుక. బజార్లో కొనుక్కొచ్చి వాడదామనుకుంటే ఆగండి. మన రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సినిమాలో ఏ జంతువును వాడాలన్నా జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందుగా తీసుకోవాలి, పైన చెప్పిన కుక్క షాట్‌కి కూడా. అందుకని ఈకలు రాలే చిలుకను బొమ్మగా చేయించడమే మంచిది. ఒక్కో ఈక ఊడి వచ్చేలా ముందే చెప్పి చేయిస్తే షరతు కూడా కెమెరా ముందే నెరవేరుతుంది. ఆ బొమ్మను గ్రీన్ మ్యాట్ (తర్వాత వెనక దృశ్యం మార్చడానికి కట్టే ఆకుపచ్చ తెర) ముందు పెట్టకండి. ఆకుపచ్చ చిలుక, ఆకుపచ్చ తెర కలిసిపోయి ముక్కు ఒక్కటే మిగులుతుంది. బ్లూ మ్యాట్ అడగండి.

కోటల్లో తీయాలంటే పురావస్తు శాఖ అనుమతికి ముందుగానే దరఖాస్తు పెట్టండి. రెక్కీకి, అంటే లొకేషన్ చూసుకోవడానికి వెళ్లినప్పుడే కేర్‌టేకర్‌తో మాట్లాడితే ఏ వైపు ట్రైపాడ్ పెట్టనిస్తారో తెలుస్తుంది.

9. నెరేషన్ పరీక్ష

బౌండ్ స్క్రిప్టు (షూటింగ్‌కి సిద్ధమైన పూర్తి స్క్రిప్టు) చేసే ముందు కాగితం చూడకుండా పదేళ్ల పిల్లలకు కథ చెప్పండి. సినిమావాళ్లకు చెబితే "ఎలివేషన్ తక్కువైంది" అంటారు, దాంతో మనకేం తెలియదు. పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ షరతు చుట్టూనే తిరుగుతాయి. "మరి ఫకీరే వెళ్లి చిలుకను ఇంకో చోట దాచుకోవచ్చుగా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు నోటితో చెప్పి తప్పించుకోకండి. ఆ జవాబు ఏ సీన్‌లో కనపడాలో చూసి అక్కడ రాయండి. ఈ ప్రశ్నకైతే నేను చిలుకను ఫకీరు తాకకూడదని పెట్టేవాణ్ని కాదు, అది మూడో షరతు అవుతుంది. ప్రాణం ఉన్న చోటికి తనే దారి చూపించినట్టవుతుందని ఏళ్లుగా అటువైపు తల కూడా తిప్పడు, అంతే. సముద్రం కనిపించే కిటికీ ఆయన గదిలో ఒక్కటీ ఉండదు. ఆర్ట్ డైరెక్టర్‌కి ఒక లైన్ రాస్తే సరిపోతుంది.

10. నమోదు, సర్టిఫికెట్

ఎవరికైనా స్క్రిప్టు మెయిల్ చేసే ముందు నమోదు చేయించండి. తెలుగు సినీ రచయితల సంఘంలోనూ, ముంబై స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనూ సభ్యులకు ఆ సదుపాయం ఉంది. జానపద కథ అందరిదీ కాబట్టి మీది అని చెప్పుకోగలిగింది మీరు చేర్చిన భాగమే. ఈకలు రాలడం, నోము నీళ్లు, విరుపు మాట లాంటివి సినాప్సిస్‌లో వివరంగా రాయండి. "ఒక వీరుడు మాంత్రికుణ్ని చంపి తల్లిని విడిపిస్తాడు" అని మాత్రమే నమోదు చేస్తే రేపు ఎవరితోనూ వాదించలేరు.

థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. 2023 చట్ట సవరణ తర్వాత యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. పిల్లలతో కలిసి కుటుంబమంతా రావాలంటే యూ లేదా యూఏ 7+ మీద కన్నేసి, బలి సీన్లు, తల నరికే షాట్లు స్క్రిప్టులోనే నీడ మీదికో శబ్దం మీదికో మార్చుకోండి. తీశాక కోయించుకుంటే ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) కూడా మళ్లీ చేయించాల్సి వస్తుంది.